పొలాల వైపు తిప్పిన స్పీకరు

సుంకన్న ఇల్లు ఊరి చివర, పొలాలను ఆనుకుని ఉంటుంది. ఇంట్లో మంచి స్టీరియో ఉంది గానీ, దాన్ని నిలబెట్టే కరెంటు లేదు. బోరు మోటర్లు మొదలయ్యాయంటే ఓల్టేజీ పడిపోయేది. స్టెబిలైజరు కాసేపు టక్కుటక్కుమని కొట్టుకుని చేతులెత్తేసేది. పాట నీరసించి సాగిపోయేది.

మామూలు పాటైతే పోనీలే అనుకునేవాడు. ఇది పెద్దతాత పాడిన తత్వాల టేపు. సుంకన్నకు గురువు ఇమాంతాత, ఆ ఇమాంతాతకు గురువు పెద్దతాత. ఆయన పోయాక ఆ గొంతు ఈ ఒక్క టేపులోనే మిగిలింది. ఆయన ఆరాధన రోజు దాన్ని చెక్కుచెదరకుండా వినిపిస్తానని సుంకన్న ఇమాంతాతకు మాటిచ్చాడు.

ఇంకా పెద్ద స్టెబిలైజరు తెచ్చాడు. లాభం లేదు. చివరికి పక్క చేని బీరప్ప దగ్గరికి పోయాడు.

"రేపు పొద్దున కాసేపు మోటరు ఆపుతావా అన్నా? నా స్టీరియో సరిగ్గా పలకడం లేదు."

"నీ స్టీరియో పలికితే నా చెనక్కాయ పండుతుందా?" అన్నాడు బీరప్ప, పార ఆపకుండానే.

ఆరాధన రోజు ఇమాంతాత వచ్చేసరికి సుంకన్న తలుపులూ కిటికీలూ మూసి కూర్చున్నాడు.

"గొంతు జారిపోతోంది తాతా. బయటివాళ్ళు వింటే పెద్దతాతకే చిన్నతనం."

తాత కిటికీ తెరిచాడు. ఒక స్పీకరును రెండు చేతులా ఎత్తి కిటికీ గూట్లో పెట్టి, పొలాల వైపు తిప్పాడు.

"వెయ్యి."

"ఇట్లనేనా?"

"ఇట్లనే."

సుంకన్న వేశాడు. పెద్దతాత గొంతు కుంటుకుంటూ బయటికి పోయింది. సుంకన్న తల పైకెత్తలేకపోయాడు.

కాసేపటికి కిటికీ బయట బురద కాళ్ళతో బీరప్ప నిలబడ్డాడు.

"ఈ గొంతు పెద్దతాతది కదా?"

"ఆయనదే," అన్నాడు ఇమాంతాత.

"మా నాయన్ను పూడ్చిన పొద్దు సమాధి కాడ పాడింది ఆయనే. ఇట్ల కుంటేది కాదే!" బీరప్ప సుంకన్న వైపు తిరిగాడు. "నిన్న నువ్వు అడిగింది దీనికా? స్టీరియో అంటివే గానీ, పెద్దతాత అంటివా?"

బీరప్ప గట్టు మీదుగా పరుగెత్తాడు. అతని పైపులో దూకుతున్న నీళ్ళు సన్నబడి ఆగాయి. అవతలి చేనికి కేక వేశాడు. అక్కడా ఆగాయి. ఆపైన ఇంకో చేను, ఇంకో కేక.

స్టెబిలైజరు ముల్లు వణికి పైకి లేచింది. దాంతోపాటు పెద్దతాత గొంతూ లేచింది. నిటారుగా, నిండుగా, ఆయన బతికున్నప్పుడు పలికినట్టే పలికింది. పారలు భుజాన వేసుకుని జనం వచ్చి వాకిట్లో కూర్చున్నారు.

తత్వం అయిపోయింది. "ఇంకోటి వెయ్యప్పా," అన్నాడు బీరప్ప. "నీళ్ళు రేపు కట్టుకుంటాం."

సుంకన్న తాత దగ్గర వంగి మెల్లగా అడిగాడు. "అంత పెద్ద స్టెబిలైజరుకు లొంగని కరెంటు, ఎట్ల నిలబడింది తాతా?"

"నాకేం తెలుసు నాయనా? ఉక్కగా ఉంటే కిటికీ తెరిచినా."

సుంకన్న లేచి, లోపల మిగిలిన రెండో స్పీకరును కూడా ఎత్తుకుని వాకిట్లోకి నడిచాడు.