పిడికిలమ్మ ప్రసాదం ఎందుకు పెట్టదు

నాపరాతి గనుల మధ్యగా పోయే దారిలో, ఎర్రవంక దాటిన తరువాత ఎడమ చేతి వైపు, నాలుగు బండలు నిలబెట్టి పైన ఒక పలక కప్పిన చిన్న గుడి కనిపిస్తుంది. అదే పిడికిలమ్మ సన్నిధి. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. లోపలి రాతి మీద అమ్మవారి ముఖం అరిగిపోయినా కుడి చెయ్యి మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. లోకంలోని తల్లులు అరచెయ్యి చూపి అభయమిస్తూ ఉంటే, ఈ తల్లి పిడికిలి బిగించి ఉంటుంది.

ఈ సన్నిధిలో ప్రసాదం పెట్టరు. తీర్థం ఇవ్వరు. కొట్టిన కొబ్బరికాయలో చిప్ప కూడా తిరిగి రాదు. ఆ సంగతి గుమ్మం పక్కన పెద్ద అక్షరాలతో రాయించాం. భక్తులు ఆ రాతకే వీపు ఆనించి నిలబడి, ప్రసాదం ఎన్ని గంటలకని అడుగుతారు. గుడి ముందున్న ఇనుప పెట్టె ఆపరేషన్లూ దెబ్బలూ అయ్యాక ఇంట్లో మిగిలిపోయిన నొప్పి మాత్రలు వేయడానికి. ఆరోగ్య కేంద్రం నర్సమ్మ వచ్చి వాటిని తీసుకుపోయి నాశనం చేయిస్తుంది. అందులో నిమ్మకాయలు వేసేవారున్నారు, పెళ్లి శుభలేఖలు వేసేవారున్నారు. కిందటి ఏడు ఒకాయన, తాను వేసిన మాత్రలు మళ్లీ అవసరపడ్డాయి, పెట్టె తెరవమని తగువు పెట్టుకున్నాడు. ఇటువంటివారి కోసమే, ఓపిక చేసుకొని, ఈ స్థల పురాణాన్ని మరొకసారి అచ్చు వేయిస్తున్నాం.

పూర్వం ఇక్కడ రాయి కొట్టేవారి ఊరు ఉండేది. పలకలు మోసి మోసి వారి నడుములు వయసులోనే వంగిపోయేవి. ఒకనాడు గుర్రం మీద వచ్చిన మందులవాడు నల్లమందు తెచ్చాడు. చిన్న ఉండ మింగితే చాలు, నొప్పి తెలిసేది కాదు. నడుము విరిగినవాడు మందు కోరడం తప్పు కాదు. అయితే ఎంత వేసుకోవాలి, ఎన్నాళ్లు వేసుకోవాలి అని ఆ ఊళ్లో ఒక్కరూ అడగలేదు. పక్కింటివాడికి పని చేసింది కదా అని వీరు మింగారు. ఇంటికొచ్చిన అల్లుడికి పెట్టకపోతే బాగుండదని మామలు పెట్టారు. కొంతకాలానికి నొప్పి ఉన్నా లేకున్నా మందు పడనిదే పొద్దున లేవలేని స్థితికి వచ్చారు.

మొదట చిక్కినవాడు భీమలింగ. అతడు పని మాని గోడవారగా పడి ఉంటున్నాడని తెలిసి ఊరిపెద్ద చిన్నపరెడ్డి పంచాయితీ చేశాడు. ఊరి పరువు తీశాడని కొట్టించి పొలిమేర దాటించాడు. భీమలింగ అక్కడ ఒంటరిగా మందు మింగి, ఒంటరిగానే ప్రాణం వదిలాడు. పీడ వదిలిందని ఊరంతా సంతోషించింది. నిజానికి ఏం వదిలింది? అతనికి పట్టిన గతి చూసి మిగిలినవారు మానలేదు, దాక్కొని మింగడం నేర్చుకున్నారు.

అలా దాక్కున్నవారిలో మద్దిలేటి ఒకడు. పలక జారి తుంటి మీద పడ్డప్పుడు మొదలుపెట్టిన మందును తుంటి మానినా మానలేకపోయాడు. అతని భార్య సుంకులమ్మకు అన్నం సయించలేదు. ఊరికి తెలిస్తే తరిమేస్తారు, తెలియకపోతే ఏదో ఒక మూల పడి చచ్చిపోతాడు. ఆమె ఎవరికీ చెప్పుకోలేక గని అంచుకు పోయి కూర్చున్నది. అక్కడ అరచెయ్యి చాపిన ఆడమనిషి పోలికతో ఒక రాయి ఉండేది. రాయి కొట్టేవారు దాని జోలికి పోకుండా వదిలేశారు. మిట్టమధ్యాహ్నం ఆమెకు కునుకు పట్టగా ఆ రాతి తల్లి కలలోకి వచ్చి, ఊళ్లో ఉన్న మందంతా తెచ్చి తన చేతిలో పెట్టమని చెప్పింది.

సుంకులమ్మ ధైర్యం చేసి ఆ మాట ఊళ్లో చెప్పింది. దేవత అడిగిందనేసరికి అందరూ కదిలారు. చూరుల్లోంచి, ఉట్లలోంచి మందు ఉండలు తీసి పళ్లెంలో పేర్చారు. డప్పులు కొట్టుకుంటూ తెచ్చి తల్లి చేతిలో పెట్టారు. ఇంతవరకు బాగానే ఉంది. పూజారి ఓబులేసు హారతి ఇచ్చాడు, నైవేద్యం అయిందన్నాడు, ఆ పైన పళ్లెం ఎత్తుకొని వచ్చినవారందరికీ ప్రసాదం పంచాడు. అతడు పంచడమూ వింతే, వీరు కళ్లకద్దుకొని మింగడమూ వింతే. అప్పటిదాకా నల్లమందు మొహం చూడని ముసలమ్మలు సైతం మింగారు. ప్రసాదం వద్దంటే పాపమట! ఊరంతా ఎక్కడివారక్కడ జోగుతూ పడి ఉంది. పెనిమిటికి మేలు జరుగుతుందని సుంకులమ్మ తన వంతు కూడా మద్దిలేటికే పెట్టింది. ఆమెను ఏమీ అనలేకున్నాం.

మరునాడు ఓబులేసు కలలో తల్లి నిలబడింది. దేవతలు కలలో శాంతంగా మాట్లాడతారని పురాణాల్లో చదువుతాం. ఈ తల్లి తలకొట్టుకున్నది.

"నాకిచ్చిందాన్ని మళ్లా మీరెందుకు తింటిరప్పా?" అన్నది.

ఓబులేసు పరుగున పోయి చూస్తే చాపి ఉన్న రాతి చెయ్యి పిడికిలి బిగిసి ఉంది. నాటి నుంచి ఇక్కడ ఇచ్చింది తిరిగి ఇవ్వడం లేదు. మిగిలిన మందంతా నీటిగుంతలో కలిపి పూడ్చేశారు.

కథ ఇక్కడితో ముగిసిందని ఆ ఊరివారు అనుకున్నారు. మందు ఒక్కసారిగా ఆగేసరికి మద్దిలేటికి ఒళ్లు వణికింది, కడుపులో ఏదీ నిలవలేదు, ఎముకలు పిండినట్టయింది. తల్లికి మొక్కినా మారలేదంటే వేషాలేనని జనం తీర్మానించారు. చిన్నపరెడ్డి మళ్లీ పొలిమేర మాట ఎత్తాడు. ఆ రోజు భోజనం చేసి నడుము వాల్చినప్పుడు తల్లి అతని కలలోకే వచ్చింది.

"మందు నాకిచ్చినారు, సరే. మనిషిని ఎవురికిచ్చినారు?" అని అడిగింది.

చిన్నపరెడ్డి పొలిమేర మాట వదిలేశాడు. లేచి వైద్యుణ్ని పిలిపించాడు. ఆయన మద్దిలేటికి మోతాదు కట్టి, తానే చేతికిచ్చి, మెల్లమెల్లగా తగ్గిస్తూ వచ్చాడు. మోత పని తప్పించి ఉలులు సాన పెట్టే పని ఇచ్చారు. అతణ్ని ఒంటరిగా వదలకుండా రోజుకొక ఇంటివారు పక్కన కూర్చోవాలని కట్టుబాటు చేశారు. దానికే వంతు అని పేరు. కట్టుబాటు చేసిన చిన్నపరెడ్డి మాత్రం తన వంతుకు పాలేరును పంపేవాడు.

మద్దిలేటి పూర్తిగా మానేసి తేరుకుంటున్న రోజుల్లో, పాలేరు తిరునాళ్లకు పోగా, చిన్నపరెడ్డి సణుక్కుంటూ తానే వచ్చాడు. వచ్చింది ఆలస్యంగా. ఈలోగా ఎవరో ఆపదకని దాచుకొన్న ఉండలు మద్దిలేటికి చిక్కాయి. మానిన ఒంటికి పాత మోతాదే విషమని అతనికి తెలియదు. సుంకులమ్మ నీళ్లతో తిరిగి వచ్చేసరికి పెదాలు నల్లబడి, ఊపిరి ఎప్పుడో ఒకటి గురకలా వస్తున్నది. గడపలో చిన్నపరెడ్డి నిలబడిపోయి ఉన్నాడు. పిలిచినా పలకడం లేదన్నాడు. ఊపిరి ఊదమని ఆమె అడిగితే, రాయి కొట్టేవాడి నోటికి తన నోరు ఆనించడమా అని వెనకాడాడు. ఆ సమయంలో కూడా!

సుంకులమ్మ ఏడవలేదు. "రెడ్డెప్పా, భీమలింగ ఊరి బయట సచ్చిపాయె. ఈయప్ప నీ వంతులో ఉండాడు" అన్నది.

చిన్నపరెడ్డి మోకాళ్ల మీద కూలబడి, మద్దిలేటి నోట్లోకి ఊపిరి ఊదాడు. మధ్య మధ్య పేరు పెట్టి పిలుస్తూ, గొంతు పోయేదాకా ఊదుతూనే ఉన్నాడు. వైద్యుడు పరుగున వచ్చి, ఊపిరి ఆడుతున్నది, ఇక అక్కరలేదనేదాకా ఆపలేదు. చాలాసేపటికి మద్దిలేటి కళ్లు తెరిచి, చెవి దగ్గర అంత అరుపులెందుకని విసుక్కున్నాడు. చిన్నపరెడ్డి అతని ఛాతీ మీద తల పెట్టి ఏడ్చాడు. ఆ ఏడుపులో భీమలింగ పేరు కూడా వినిపించిందని పెద్దలు చెబుతారు.

నేటికీ చుట్టుపక్కల ఊళ్లలో వంతు సాగుతున్నది. నల్లమందు పోయి మాత్రలూ సూదులూ వచ్చాయి, అంతే తేడా. మానాలనుకొనే మనిషి ఉన్న ఇంటివారు గుడిలో చెబితే వంతుకు మనుషులు వస్తారు, ఆస్పత్రికి తోడు వస్తారు. పరువు పోతుందని దాచిపెట్టవద్దని చెప్పీ చెప్పీ మా నోళ్లు పడిపోతున్నాయి. మనిషి లేపినా లేవక, ఊపిరి అందక పడి ఉంటే కొబ్బరికాయ పట్టుకొని ఇక్కడికి పరుగెత్తుకు రావద్దు. 108కి ఫోన్ చేయండి. ఏం మింగాడో దాచకుండా చెప్పండి. విరుగుడు సూది ఆస్పత్రిలో ఉంది, అమ్మవారి దగ్గర లేదు. వారు వచ్చేదాకా పక్కకు తిప్పి పడుకోబెట్టి దగ్గరే ఉండండి. ఊపిరి ఆగితే ఊదండి.

ఫలశ్రుతి లేని పురాణమేమిటని భక్తులు మమ్మల్ని నిలదీస్తున్నారు. సిరిసంపదలు కలుగుతాయని, కోరిన కోర్కెలు తీరుతాయని మేము రాయలేం. వంతు తప్పకుండా కూర్చున్నవారి ఇంట్లో మనిషి తెల్లవారి లేస్తాడు. లేచి, గంజిలో ఉప్పు తక్కువైందని మీ మీద విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.