రాళ్ళు లాగిన తాడు

అనగా అనగా, ఓడలకు తెరచాపలే తప్ప పొగగొట్టాలు లేని కాలంలో, ఇంగ్లండు నుంచి అమెరికాకు జాబెజ్ థార్న్ అనే మనిషి వచ్చాడు. ఓడ కిరాయి ఇచ్చుకోలేక, ఒక ఆసామి దగ్గర ఏడేళ్ళు ఊడిగం చేస్తానని ఒప్పుకుని వచ్చాడు. ఏడేళ్ళూ చేశాడు. అవి నిండాక ఊరివాళ్ళు అతనికి యాభై ఎకరాలు చూపించారు. యాభై ఎకరాలంటే బంగారం పండే నేల అనుకునేరు. అందులో మట్టికన్నా రాళ్ళెక్కువ. అయినా జాబెజ్ మోకాళ్ళమీద కూర్చుని ఆ రాళ్ళనే తడిమి తడిమి చూసుకున్నాడు. వాళ్ళ నాన్నకు గానీ తాతకు గానీ చారెడు నేల లేదు మరి.

ఆ నేలలోనూ దాని చుట్టూ ఉన్న అడవిలోనూ అంతకుముందు నుంచీ మనుషులున్నారు. మీ హద్దు ఎక్కడ అని వాళ్ళనెవరూ అడగలేదు. ఆ మాట ఒకటి చెప్పేసి ముందుకు పోతాను.

ఆ ఊళ్ళో నేలను జనపనార తాడుతో కొలిచేవారు. జాబెజ్ పొలం పొడవు ఇరవై తాళ్ళు. ఇరవయ్యో తాడు ఆగినచోట గోడ పెట్టుకోవాలి. గోడకు కావలసిన రాళ్ళు పొలం నిండా ఉండనే ఉన్నాయి. జాబెజ్ ఆ కొలతాడునే ఎద్దులకు కట్టి ఏడాదిపాటు రాళ్ళు లాగించాడు. ఆ తర్వాత అదే తాడుతో పొలం కొలిచి గోడ కట్టాడు.

గోడ లేచేసరికి ఒక నీటి ఊట ఇవతలికి పడింది. నడివేసవిలో కూడా ఎండని ఊట. తన మూడు ఆవులకూ నీళ్ళ బాధ తీరిందని జాబెజ్ పొంగిపోయాడు. గోడ అవతలి నేల థామ్సిన్ అవ్వది. మొగుడు పోయి ఒంటరిగా ఉండేది. రోజూ భుజాన కావడి వేసుకుని ఏటిదాకా పోయి నీళ్ళు తెచ్చుకునేది.

"బాగున్నావా జాబెజ్?" అనేది గోడ పక్కనుంచి పోతూ.

"బాగున్నానవ్వా" అనేవాడు.

ఆ ఊరికో ఆచారం ఉంది. మూడేళ్ళకోసారి, మంచు కరిగాక, ఊరంతా కలిసి హద్దులు నడుస్తారు. ప్రతి గోడ దగ్గరా ఆగుతారు. "ఈ హద్దు కాదనేవాళ్ళున్నారా?" అని ఊరిపెద్ద మూడుసార్లు అడుగుతాడు. మూడు నడకల్లో ఎవరూ కాదనకపోతే ఆ గోడ ఇక శాశ్వతం.

మొదటి నడక వచ్చింది. ఊరిపెద్ద మూడుసార్లు అడిగాడు. ఎవరూ కాదనలేదు. జాబెజ్‌కు చెప్పడానికేమీ లేదు.

రెండో నడకకు కొంచెం ముందు పాత తాడు పీచు తేలింది. ఊరి కొలత ప్రకారం జాబెజ్ కొత్త తాడు కోయించుకుని తెచ్చాడు. రెండూ కొట్టంలో పక్కపక్కన పరిచి చూస్తే పాతది మూరెడు ఎక్కువ పొడుగుంది. రాళ్ళు లాగి లాగి సాగిపోయింది. తాడుకు మూరంటే ఇరవై తాళ్ళకు ఇరవై మూరలు. ఊటకూ గోడకూ మధ్య దూరం పన్నెండే మూరలు. అంటే ఊట అవ్వ నేలలోది.

సంగతి పెళ్ళాం మెర్సీకి చెప్పాడు.

"ఎవరూ అడగలేదు కదయ్యా" అంది మెర్సీ. "ఊట పోతే ఆవులేం తాగుతాయి?"

రెండో నడకలో ఊరిపెద్ద మూడుసార్లు అడిగాడు. ఎవరూ కాదనలేదు. జాబెజ్ నోరు విప్పలేదు.

ఆ చలికాలం థామ్సిన్ అవ్వ ఏటిగట్టు మంచుమీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. జాబెజ్ పొద్దున్నే మూడు బొక్కెనలు ఊటలో ముంచి తీసుకెళ్ళి ఆవిడ తొట్టిలో పోసేవాడు.

"నీ నీళ్ళు తెచ్చి పోస్తున్నావు. దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు" అనేది అవ్వ.

రోజూ పోశాడు. రోజూ ఆ దీవెన విన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఇంటికొస్తే అన్నం సయించేది కాదు.

మూడో నడక వచ్చింది. ఊరిపెద్ద ఒకసారి అడిగాడు. ఎవరూ కాదనలేదు. రెండోసారి అడిగాడు. మెర్సీ మొగుడి చొక్కా పట్టుకుని లాగింది. మూడోసారి అడిగాడు.

"నేనున్నాను" అన్నాడు జాబెజ్.

"నీ గోడను నువ్వే కాదంటావా?" అన్నాడు ఊరిపెద్ద. "మరి నీదేదో చెప్పు."

"ముందు నాది కానిది చెబుతాను. ఈ ఊట నాది కాదు."

చంకలోని రెండు తాళ్ళూ తీసి గోడమీద పక్కపక్కన పరిచాడు. జనం చూశారు. థామ్సిన్ అవ్వ ముందుకొచ్చింది.

"నీకెప్పటినుంచి తెలుసు?"

"మూడేళ్ళనుంచీ అవ్వా."

"అయితే నా నీళ్ళే నాకు పోసి దీవెనలు పుచ్చుకున్నావన్నమాట."

"అవునవ్వా."

ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ వేసవంతా అతని ముఖం చూడలేదు. యాభై దాటిన జాబెజ్ ఒక్కో రాయీ ఎత్తి ఇరవై మూరలు వెనక్కి మోశాడు. ఆవులను ఏటిదాకా తోలుకెళ్ళి తాగించుకొచ్చాడు. మెర్సీ మూడు రోజులు అలిగింది. నాలుగో రోజు వచ్చి తనూ రాళ్ళెత్తింది.

ఆకులు రాలే వేళకు గోడలో ఒక ఆవు పట్టేంత సందు మిగిలింది. అక్కడ పెట్టడానికి రాయి ఎత్తుతుంటే థామ్సిన్ అవ్వ వచ్చింది.

"అది అలా వదిలెయ్. ఆవులు తాగొద్దూ?"

"కోపం పోయిందా అవ్వా?"

"పోలేదు. నా కోపం ఆవులమీద కాదు" అంది.

జాబెజ్ ఆ రాయి కింద పెట్టేశాడు. ముఖం తిప్పుకుని చాలాసేపు ఏడ్చాడు.

అతను పోయి ఎన్ని తరాలైందో లెక్క లేదు. ఆ సందును మాత్రం ఎవరూ మూయలేదు. ఎవరైనా తనకు లాభంగా ఏదైనా కొలిచి చూపిస్తే, "అది రాళ్ళు లాగిన తాడా?" అని ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. మూడేళ్ళకోసారి హద్దుల నడకలో ప్రతి ఆసామీ ఆ గోడమీద చెయ్యి పెట్టి, "ముందు నాది కానిది చెబుతాను" అనే మొదలుపెట్టాలి.

చాలామంది పక్కవాడి చేను పేరో, ఊట పేరో చెప్పి చెయ్యి తీసేస్తారు. కొందరు మాత్రం చెయ్యి తియ్యకుండా అడవివైపు చూస్తూ నిలబడిపోతారు. వాళ్ళను ఎవరూ తొందరపెట్టరు.