స్కూటరు మీద నుంచి హారన్

భీమవరంలో గోవర్ధనరావు అనే ఆయన ఉండేవాడు. ఎవరేం తినాలో, ఎంత నడవాలో ఊరందరికీ చెప్పేవాడు గానీ, తను మాత్రం వీధి చివరి కొట్టుకి కూడా స్కూటరు మీదే వెళ్లేవాడు. ఇంట్లో ఆ సలహాలన్నీ కూతురు సంహిత నెత్తిన పడేవి. ఐదో తరగతి చదివే ఆ పిల్లకి బడి ఖోఖో జట్టులో చేరాలని ఒకటే ఆశ. కానీ కాస్త పరుగెత్తితే చాలు, ఆయాసం వచ్చేసేది.

"నెలాఖరుకి ఎంపిక ఉంది. రోజూ పరుగెత్తు, బాగా తిను. అప్పుడు చూద్దాం" అంది ఆటల టీచరు మేరీరత్నం.

ఇంకేం, గోవర్ధనరావుకి చేతినిండా పని దొరికింది. తెల్లవారగానే పిల్లను లేపి రోడ్డు మీద పరుగెత్తించేవాడు. వెనకాలే స్కూటరు మీద హారన్ కొట్టుకుంటూ వచ్చేవాడు.

"ఊ, కదులు! కాళ్లకేమైంది నీకు? నీ వయసులో మేం ఊరంతా చుట్టి వచ్చేవాళ్లం!" అని అరిచేవాడు.

ముగ్గులు వేసుకుంటున్న ఆడవాళ్లు ఆగి మరీ చూసేవారు. పిల్ల సిగ్గుతో తల దించుకునేది. దించుకుంటే ఇంకాస్త నెమ్మదించేది. ఆయనకి ఇంకాస్త ఒళ్లు మండేది.

ఇంటికొచ్చాక పిల్ల చేతికి గ్లాసుడు రాగి జావ ఇచ్చేవాడు. తను మాత్రం టిఫిన్ బండి దగ్గర కొని తెచ్చుకున్న వేడి వేడి పునుగుల పొట్లం విప్పుకునేవాడు.

"నాన్నా, నాకొక్కటి..."

"నోర్మూసుకుని జావ తాగు. నూనె సరుకు ఒంటికి మంచిది కాదు."

"మీ ఒంటికి మంచిదేనా?" అంది వంటింట్లోంచి ఆయన భార్య ఉమాదేవి.

"నువ్వు మధ్యలో దూరకు" అన్నాడు ఆయన నోటినిండా పునుగులతో. ఏం చెప్తాం అలాంటి మనిషికి!

ఎంపిక రోజు వచ్చింది. గోవర్ధనరావు కూడా వెళ్లి మైదానం పక్కన కూర్చున్నాడు. మైదానం చుట్టూ పరుగెత్తమన్నారు. సగం కూడా తిరక్కుండానే సంహిత కళ్లు తిరిగి కూలబడిపోయింది. టీచరు గబగబా వచ్చి నీళ్లు తాగించింది.

"పొద్దున్న ఏం తిన్నావమ్మా?"

"ఏం తినలేదండీ."

"అబద్ధం!" అని లేచాడు గోవర్ధనరావు. "నా చేత్తో నేనే జావ ఇచ్చానండీ!"

"పెరట్లో పారబోశాను" అంది పిల్ల ఏడుపు గొంతుతో. "రోజూ పారబోస్తున్నా."

"చూశారా టీచరుగారూ! ఎంత మొత్తుకున్నా వీళ్లకి బుద్ధి రాదు. విసిగిపోతున్నాననుకోండి!"

టీచరు ఆయన్ని పట్టించుకోలేదు. "ఎందుకు పారబోశావమ్మా?" అని అడిగింది.

"మంచిదైతే నాన్న కూడా తాగుతారు కదండీ? నాన్న పునుగులే తింటారు. బడిలో అల్లరి చేసినవాళ్లనే కదండీ పరుగెత్తిస్తారు? మీరు చెప్పినందుకే అయితే నాన్న హారన్ కొట్టి తిట్టరు కదండీ? నేనేం తప్పు చేశానో తెలీదు. నాన్నకి కోపం వచ్చి ఇవన్నీ పెట్టారనుకున్నా."

గోవర్ధనరావు లేచినవాడల్లా మళ్లీ కూర్చుండిపోయాడు. ఇన్నాళ్లూ పిల్లకి మేలు చేస్తున్నాననుకున్నాడు. పిల్లేమో శిక్ష పడిందని కుమిలిపోయింది. ఆ ఏడు జట్టులో సంహితకి చోటు రాలేదు. ఇంటికెళ్లే దారంతా పిల్ల వెక్కుతూనే ఉంది. ఆ ఏడుపు ఆయన్ని రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

మర్నాడు స్కూటరు బయటికి తీయలేదు. పిల్లతో పాటు తనూ పరుగెత్తాడు. రెండో వీధి తిరక్కుండానే ఎవరిదో అరుగు మీద చతికిలబడ్డాడు. సంహిత వెనక్కి వచ్చి, చాలా రోజుల తర్వాత మొదటిసారి పకపకా నవ్వింది. ఇంటికెళ్లాక ఇద్దరూ జావ ముందు కూర్చున్నారు. ఒక గుక్క తాగి గోవర్ధనరావు మొహం చిట్లించాడు.

"ఇదేంటే, ఇలా ఉంది!" అన్నాడు భార్యతో.

"రోజూ ఇలాగే ఉంటుంది. మీరిప్పుడే రుచి చూశారు" అంది ఉమాదేవి. జావలో మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు వేసి ఇచ్చింది. ఇద్దరూ తాగేశారు.

మరుసటి ఏడు సంహిత జట్టులో చేరింది. మైదానంలో తల ఎత్తుకుని పరుగెత్తింది.

నీతి: మంచి తిండి, వ్యాయామం పిల్లలకి అలవాటు కావాలంటే, పెద్దలు ఆజ్ఞలు ఇవ్వడం మాని వాళ్లతో కలిసి తినాలి, వాళ్లతో కలిసి పరుగెత్తాలి.