నాలుగు మూరల తూర్పు దేశం

రోము చక్రవర్తి కాల్వెంటియస్‌కు భోజనం సరిగా అరగనప్పుడల్లా దిగ్విజయం మీదికి మనసు మళ్ళేది. ఒక ఉదయం సభకు వస్తూనే ప్రకటించాడు.

"తూర్పు మొత్తం జయిస్తాను! ముందు పార్థియా, ఆపైన సింధు నది, ఆ తరవాత నా ఒంటి మీది ఈ సన్నబట్టలు నేసే దేశం. ఏడాది తిరిగేలోగా నా విజయోత్సవం ఈ వీధుల్లో ఊరేగాలి!"

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఊరేగింపు రథానికి నాలుగు తెల్ల గుర్రాల్ని అప్పుడే ఎంపిక చేసేశారు. దండులో మాత్రం ఒక్క గాడిద కూడా కదల్లేదు.

"ప్రభువులు గుర్రం ఎక్కడమే ఆలస్యం, తూర్పు దానంతటదే వచ్చి కాళ్ళ మీద పడుతుంది" అన్నాడు సేనాపతి మమిలియస్. పొద్దెక్కేదాకా నిద్ర లేవని ఈ మహావీరుడు తూర్పున సూర్యోదయమైనా చూసి ఎరగడు.

సభంతా చప్పట్లు కొట్టింది, ఒక్క బుధిలుడు తప్ప. అతనిది కృష్ణానది సముద్రంలో కలిసే చోట ఒక రేవు. సన్నబట్టల ఓడలో రోముకు వచ్చాడు. బట్ట చక్రవర్తి ఒంటికి నచ్చింది, బుధిలుడి మాట చెవికి నచ్చింది. అప్పట్నుంచీ చక్రవర్తి దుస్తులన్నీ అతనే చూసుకుంటున్నాడు.

"ఏమోయ్ బుధిలా, దారి నీకు తెలిసిందేగా! దండు ముందు నువ్వే నడవాలి" అన్నాడు చక్రవర్తి.

బుధిలుడు లెక్క వేసుకున్నాడు. నలభై వేల కత్తుల్ని తన తల్లి ఉన్న రేవుకు తానే వెంటబెట్టుకుని వెళ్ళాలి. కాదంటే తల దక్కదు. మమిలియస్ అప్పుడే అతని మెడ వంక చూసి చిన్నగా నవ్వుతున్నాడు.

"చిత్తం ప్రభూ" అన్నాడు బుధిలుడు. "ఇంతకీ యుద్ధం ప్రకటించడం అయిందా?"

అందరూ ముసలి యుద్ధ పురోహితుడి వైపు తిరిగారు. రోములో ఒక ఆచారం ఉండేది. పురోహితుడు శత్రువు పొలిమేర దాకా వెళ్ళి వాళ్ళ నేలలోకి బల్లెం విసరాలి. అది జరక్కుండా కత్తి దూస్తే దేవతలు ఒప్పుకోరు. అప్పుడు గెలిచినా అది గెలుపు కాదు, ఊరేగింపూ ఉండదు.

"పొలిమేరంటే మూడు నెలల ప్రయాణం" అంటూ పురోహితుడు మోకాళ్ళు నిమురుకున్నాడు. "నాకు ఈ గడప దాటడమే గగనం. దీనికి పెద్దలు ఒక ఉపాయం చెప్పారులెండి. శత్రుదేశపు మనిషి ఎవడైనా యుద్ధదేవత గుడి ముందు కాస్త నేల కొనుక్కుంటే చాలు. ఆ నేల శత్రుదేశమే అయిపోతుంది. బల్లెం అందులో విసరచ్చు."

"ఇప్పటికిప్పుడు తూర్పు మనిషి ఎక్కడ దొరుకుతాడు?" అన్నాడు చక్రవర్తి.

"నేను లేనూ ప్రభూ?" అన్నాడు బుధిలుడు.

మమిలియస్ పగలబడి నవ్వాడు. "భేష్! తన మెడకు ఉరి తనే తగిలించుకుంటున్నాడు!"

గుడి ముందు నాలుగు మూరల నేల బుధిలుడిదైంది. చుట్టూ దడి కట్టి, ఒక తడిక తలుపు పెట్టి, లోపల నిలబడ్డాడు. ముహూర్తం నాడు పెద్దలూ, దండూ, ఊరూ అంతా అక్కడే చేరారు.

"ఇది తూర్పు దేశం! పార్థియా మొదలు సన్నబట్టల దేశం దాకా అంతా ఇదే! అవునా ప్రభూ?" అని పురోహితుడు గొంతెత్తి అడిగాడు.

"అవును" అన్నాడు చక్రవర్తి.

"సరిగ్గా వినపడలేదు ప్రభూ" అన్నాడు దడి లోపల్నుంచి బుధిలుడు.

"అవునయ్యా, అవును! ఇదే తూర్పు దేశం!" అని చక్రవర్తి ఊరంతా వినేలా అరిచాడు.

పురోహితుడు బల్లెం విసిరాడు. అది ఊగుతూ వెళ్ళి ఎలాగో దడి లోపలే పడింది. కొమ్ములు మోగాయి. "కదలండి!" అన్నాడు మమిలియస్ గుర్రం మీంచి.

బుధిలుడు తలపాగా తీసి చక్రవర్తి పాదాల ముందు పెట్టాడు. తడిక తలుపు బార్లా తెరిచాడు.

"ప్రభూ, తూర్పు దేశం లొంగిపోయింది. లోపలికి దయచేయండి."

అందరూ నోళ్ళు తెరిచారు. చక్రవర్తి ఏమీ తోచక ఒక అడుగు లోపల వేశాడు.

"దీన్ని దేశమంటారా? నాలుగు మూరల మట్టి!" అని మమిలియస్ మండిపడ్డాడు.

"మట్టేనా సేనాపతిగారూ? అయితే బల్లెం మట్టిలో పడింది, యుద్ధం మొదలే కాలేదు. దండు కదిలితే దేవతలకు కోపం వస్తుంది. కాదు, దేశమేనంటారా? దేశం మొత్తం ప్రభువు పాదం కిందే ఉంది. ఇక మనం ఎక్కడికి వెళ్ళాలి?"

మమిలియస్ పురోహితుడి వంక చూశాడు. మట్టి అన్నాడంటే ఆ ముసలాయన మూడు నెలలు నడవాలి.

"దేశమే! నిఖార్సైన దేశం!" అన్నాడు పురోహితుడు గబగబా.

"మరి నా ఊరేగింపు?" చక్రవర్తి మెల్లిగా అడిగాడు.

"రేపే ప్రభూ! ఒక్క సైనికుడి గోరు కూడా విరక్కుండా తూర్పు జయించిన చక్రవర్తి మీరు తప్ప ఇంకెవరున్నారు?" అన్నాడు బుధిలుడు.

ముందుగా జై కొట్టింది సైనికులే. ఎడారిలో ఎముకలు రాల్చుకోవాలని వాళ్ళలో ఒక్కడికీ లేదు. ఆ జేజేలు వింటూ చక్రవర్తి ఒకసారి కాలి కింద నేలను చూశాడు, ఒకసారి బుధిలుణ్ణి చూశాడు. మోసం అర్థమైంది. తనకు ఎండలో ప్రయాణం తప్పిందనీ అర్థమైంది. పొట్ట పట్టుకుని పడీపడీ నవ్వాడు.

"గడుసువాడివోయ్! ఏం కావాలో కోరుకో."

"మా అమ్మను చూసి ఏళ్ళయింది ప్రభూ. ఒక ఓడ ఇప్పించండి."

చక్రవర్తి ఓడ ఇచ్చాడు, ఓడ నిండా కానుకలిచ్చాడు, తన చేతి కంకణం తీసి స్వయంగా తొడిగాడు. అప్పుడొక సందేహం వచ్చింది.

"గెలిచిన దేశానికి కాపలా ఎవరోయ్?"

"ఇంత పెద్ద దేశానికి సేనాపతిగారే తగినవారు ప్రభూ."

నలభై వేల మంది ఒక్కసారిగా ఘొల్లున నవ్వారు. మమిలియస్ గుర్రం దిగి దడి లోపలికి ఒంటరిగా నడిచాడు. దేశంలో గుర్రానికి చోటు చాల్లేదు.