తడిక వెనక తోటకూర

అనగనగా ఇప్పచెట్ల అడవిలో ఒక చిన్న బడి ఉండేదర్రా. అక్కడ పాఠాలు చెప్పేది తాబేలు టీచరమ్మ. నడకే నెమ్మది, నోరు మాత్రం మహా చురుకు!

ఆ ఏడు ఎండలకు గడ్డి అంతా మాడిపోయింది. పిల్లలు రాలిన ఇప్పపూలే తిని బడికి వచ్చేవారు. తియ్యగా ఉంటాయిగా, ఇంకేం కావాలి! కానీ వాటితో ఒంటికి సత్తువ రాలేదు. పాఠం మొదలుపెట్టగానే అందరూ కునికిపాట్లు పడేవారు. ఒకరోజు చుక్కి అనే జింకపిల్ల పద్యం అప్పజెబుతూ దబ్బున పడిపోయింది.

వాళ్ళమ్మ పరుగున వచ్చింది. "వానలు పడగానే మా మంద వాగు దూకి అవతలికి వెళ్ళిపోతుంది టీచరమ్మా! ఈ కాళ్ళతో నా బిడ్డ ఎలా దూకుతుంది?" అని ఏడ్చింది.

పిల్లల కోసం బడి వెనక కూరతోట వేద్దామనుకుంది టీచరమ్మ. గడపగడపా తిరిగి అందరినీ సాయం అడిగింది. అడవిపంది బాబాయి మూతితో నేల తవ్వాడు. ఏనుగు తాత తొండంతో నీళ్ళు మోశాడు. ఎలుగు మామ చుట్టూ తడిక కట్టాడు. బడి వెనక తోటకూర, బొబ్బర్లు, ముల్లంగి ఏపుగా పెరిగాయి.

అంతలో కబురొచ్చింది. తోట చూడటానికి సింహం దొరగారు వస్తున్నారట! ఇంకేముంది, పెద్దలందరికీ హడావుడి పట్టుకుంది.

"దొరగారు చూసేదాకా ఎవరూ ఒక్క ఆకు కూడా తుంచకూడదు!" అని ఎలుగు మామ తడిక బిగించేశాడు.

వారం గడిచింది. దొరగారు రాలేదు. రెండో వారమూ రాలేదు. మూడో వారానికి ఆకులు ముదరడం మొదలైంది. చుక్కి తడిక సందులోంచి చూస్తూ కూర్చునేది.

"టీచరమ్మా, ఆ ఆకు తింటే ఏమవుతుంది?" అని అడిగింది ఒకరోజు.

"కాళ్ళకు బలం వస్తుందమ్మా."

"మరి చూస్తే రాదా?"

 టీచరమ్మ తిన్నగా వెళ్ళి తడిక తాళ్ళు కొరికేసింది. "రండర్రా! ఎవరికి కావలసింది వాళ్ళు కోసుకోండి. ఖాళీ అయిన చోట మళ్ళీ విత్తనం వేయండి," అంది.

ఎలుగు మామ మండిపడ్డాడు. "దొరగారికి ఏం చూపిస్తావు? మా పరువు తీశావు కదా!"

"ఆ తిట్లేవో నన్ను తిట్టన్నయ్యా. పిల్లల్ని మాత్రం తిననీ," అంది టీచరమ్మ.

మొదటి రోజు ముల్లంగి ఘాటని అందరూ ఉమ్మేశారు. రెండో రోజు మొహాలు చిట్లించుకుంటూ తిన్నారు. మూడో రోజు దానికోసం కొట్టుకున్నారు! తరగతిలో కునికిపాట్లు పోయాయి.

నెల తిరిగాక తొలివాన కురిసింది. సరిగ్గా ఆ రోజే దొరగారు దిగారు. ఆయన భోజనం చేసే వచ్చారులే, భయపడకండి. చూస్తే ఏముంది, మోడుకాడలు, చిన్నచిన్న మొలకలు.

"తోట ఏదీ?" అని గర్జించారు దొరగారు.

టీచరమ్మ వాగు దాటుతున్న జింకల మంద వైపు చూపించింది. "అదిగో దొరా, దూకుతోంది."

చుక్కి ఒక్క గెంతులో వాగు దాటి తల్లి పక్కన వాలింది. దొరగారి కోపం చల్లారింది. "ఇంత మంచి తోట పెంచింది ఎవరు?" అని అడిగారు.

అందరూ ఎలుగు మామ వైపు చూశారు. అతను తల దించుకున్నాడు. "మేమంతా కలిసే పెంచాం దొరా. కానీ ఆ పసిదాన్ని మూడు వారాలు ఆకలితో తడిక బయట కూర్చోబెట్టింది మాత్రం నేనే," అని భోరుమన్నాడు.

నీతి: పిల్లల కోసం పదిమందీ కలిసి పెంచిన పంట పిల్లల కడుపులోకే వెళ్ళాలి, పెద్దల గొప్ప చాటుకోవడానికి కాదు.