జామకాయలో సగం

గోదావరి జిల్లాలోని ఓ మిషన్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివే కెజియా వేదపాఠంలో ఫస్టు, పంతంలో అంతకన్నా ఫస్టు. బైబిలు వాక్యాలు గడగడా అప్పజెప్పేది. ఎవరైనా తప్పు చూపిస్తే మాత్రం అగ్గి మీద గుగ్గిలమే!

ఆమె నేస్తం హైమావతి. వేదపాఠం పీరియడులో హైమ లాంటి హిందువుల పిల్లలు వరండాలో నీతిబోధ క్లాసుకి వెళ్ళేవారు. అయినా కెజియా వల్లె వేస్తుంటే విని విని హైమకీ వాక్యాలన్నీ వచ్చేశాయి. ఇద్దరూ ఒకే జామకాయని పరికిణీ అంచు కప్పి కొరికి, కాకెంగిలి చేసుకుని తినేవారు.

ఓ రోజు ప్రార్థనలో, బడి మొత్తం ముందు, కెజియా వాక్యం మధ్యలో ఒక మాట మర్చిపోయింది. పాపం, సాయం చేద్దామని హైమ వరసలోంచి ఆ మాట అందించింది. పిల్లలంతా గొల్లున నవ్వారు. కెజియాకి తల కొట్టేసినట్టయింది. బయటికి రాగానే చిటికెన వేలు చూపించి, "కటీఫ్! ఇక నాతో మాట్లాడకు" అంది.

మూడు నెలలు గడిచాయి. అమ్మో, ఏం పంతమండీ అది! హైమ జామకాయలో సగం తెచ్చి బెంచీ మీద పెట్టినా ముట్టుకోలేదు. పోనీ, తను సుఖంగా ఉందా? అదీ లేదు. మధ్యాహ్నం ఒక్కతే కూర్చుంటే డబ్బాలో అన్నం సగం మిగిలిపోయేది. వరండాలోంచి హైమ నవ్వు వినబడితే ప్రాణం అటే లాగేది. హైమే వచ్చి ఇంకొక్కసారి బతిమాలితే బాగుండునని రోజూ ఎదురుచూసేది.

హైమ వచ్చింది. "మా నాన్నకి బదిలీ అయిందే. రేపు టీసీ తీసుకుని వెళ్ళిపోతున్నాం. గేటు దగ్గరికొస్తావా?" అంది.

వస్తానని చెప్పాలనే ఉంది కెజియాకి. నోరు మాత్రం, "రేపు నాకు వేదపాఠం పరీక్ష" అంది.

మర్నాడు పరీక్షలో ఆఖరి ప్రశ్న పది మార్కులది. దేవుడికి కానుక ఇవ్వబోతుండగా తోటివారితో తగవుందని గుర్తొస్తే ఏం చెయ్యాలి? కెజియాకి జవాబు తెలుసు. కానుక అక్కడే వదిలేసి, ముందు వెళ్ళి సమాధానపడాలి. తలెత్తి కిటికీలోంచి చూసింది. గేటు దగ్గర ఆటో ఆగి ఉంది. పక్కనే హైమ.

"టీచర్, ఒక్కసారి గేటు దాకా వెళ్ళొస్తానండీ."

"పేపరిచ్చేసి వెళ్ళమ్మా. మళ్ళీ లోపలికి రానివ్వను" అంది కరుణమ్మ టీచరు.

పది మార్కులు! ఫస్టు ప్రైజు! కెజియా మళ్ళీ కూర్చుంది. వెళ్ళి సమాధానపడాలని ముత్యాల్లాంటి అక్షరాలతో పేజీన్నర రాసింది. రాసి, పరుగెత్తింది.

ఆటో లేదు. గేటు కాసే ఏసోబు తాత చెయ్యి చాపాడు. అందులో జామకాయ సగం ఉంది.

"ఇప్పుడే వెళ్ళారు తల్లీ. వాళ్ళమ్మ ఎంత పిలిచినా ఆ పిల్ల చాలాసేపు ఎక్కలేదు. నీ గది వైపే చూస్తా నిలబడింది. నీకిమ్మని ఇది ఇచ్చింది."

కెజియా అక్కడే కూలబడి ఏడ్చింది. ఏ ఊరు వెళ్తున్నారో కూడా అడగలేదు తను!

ఆ జవాబుకి పదికి పది వచ్చాయి. ప్రైజు తీసుకుంటుంటే బడంతా చప్పట్లు కొట్టింది. కెజియా కళ్ళు మాత్రం వరసలో ఖాళీగా ఉన్న హైమ చోటునే వెతికాయి. పెద్దయ్యాక కూడా జామకాయ దొరికితే సగమే తినేది.

అందుకే పిల్లలూ, నేర్చుకున్న మంచిని చెయ్యాల్సిన వేళకే చెయ్యాలి. పంతం పట్టి ఆ వేళ దాటిస్తే, ఎంత ఏడ్చినా వెళ్ళిపోయిన నేస్తం తిరిగి రాదు.