ఎండబెట్టిన చెవులు

వేరుశనగ పీకి కాయ కోసే రోజులొచ్చాయంటే సుంకులమ్మ కళ్లంలో మనుషుల కన్నా జంతువులకే పని ఎక్కువ. అందులోనూ దూదమ్మ అనే తెల్లపిల్లికి మరీ ఎక్కువ. కళ్లం పక్కన విత్తనాల గది ఉంది. ఆ గది గడపే దాని కచేరీ. దూదమ్మ గడప మీద కూర్చుంటే ఒక్క కాయ కూడా బయటికి పోదని సుంకులమ్మ నలుగురిలో గొప్పగా చెప్పుకునేది. దూదమ్మ ఆ మాట విననట్టు నటిస్తూ మీసాలు సర్దుకునేది.

ఆ ఎండాకాలంలోనే దూదమ్మ ఈనింది. ఒక్క పిల్లే దక్కింది. దానికి ముత్యం అని పేరు పెట్టుకుంది. తల్లి పోలికే, ఒంటి మీద మచ్చుకు కూడా నలుపు లేదు. చెవులు పల్చగా, గులాబీ రంగులో, అవతలి వెలుగు కనబడేలా ఉండేవి. ఆ పిల్ల ఆటలన్నీ కళ్లంలోనే. ఆరబోసిన కాయల మీద పొద్దస్తమానం దొర్లేది. కొన్నాళ్లకు చెవుల అంచులు ఎర్రబడ్డాయి, ఆ తర్వాత పొట్టు లేచింది. తల్లి నాకి నాకి అలసిపోయింది కానీ ఎరుపు తగ్గలేదు.

కొట్టంలో కట్టేసిన ముసలి బర్రె నీలవ్వ ఇదంతా చూస్తూనే ఉంది. ఒకనాడు ఉండబట్టలేక పిలిచింది.

"దూదమ్మా, బిడ్డ చెవులు చూసినావా? ఎండకు కాలినాయి."

"ఎండ అందరికీ ఉండేదే కదవ్వా."

"ఎండ ఒకటే. తోళ్లు ఒకటి కాదు. నాది నల్లతోలు, అయినా పొద్దు నడినెత్తికి వస్తే బురద కోసం చూస్తా. మీది తెల్లతోలు, చెవుల మీద వెంట్రుక కూడా సరిగ్గా ఉండదు. మీయమ్మ ఎట్ల పోయిందో నీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. అమ్మ పోయేనాటికి దూదమ్మ పసిది. నీలవ్వ దాచకుండా చెప్పింది. ముందు చెవి ఎర్రబడిందట, పొట్టు లేచిందట, అది పుండై ఎన్నాళ్లకూ మానలేదట. సుంకులమ్మ గంపలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి మోసుకుపోయేసరికి ఆలస్యమైపోయిందట. అది విన్నాక దూదమ్మ తన పిల్ల చెవుల వంక చూడడానికి భయపడింది.

పొద్దు వాలేదాకా పిల్లను గది దాటనివ్వొద్దని, తప్పక బయటికి వస్తే తొట్టి పక్కనున్న మెత్తటి బురద చెవులకు పూయమని నీలవ్వ చెప్పింది. పూసినదాన్ని నాకెయ్యొద్దని మరీ మరీ చెప్పింది. దూదమ్మ సరేనంది, చేసింది కూడా. కానీ ఎంతైనా పిల్లి కదా. చెవులకు మట్టి అంటించుకుని తిరుగుతున్న కూతురిని చూస్తుంటే దానికి నాలుక దురద పెట్టేది.

గది గోడ కింద కొక్కప్ప అనే పందికొక్కు కాపురముంది. దూదమ్మ గడప మీద ఉన్నంతకాలం అతనికి విత్తనాల వాసనే తప్ప రుచి లేదు. నీలవ్వ మాటలన్నీ బొరియలోంచే విన్నాడు. పొద్దుగూకే వేళ మూతి మాత్రం బయటపెట్టి, ఎంతో ఆప్యాయంగా, అక్కా అని వరస కలిపాడు. తనూ పిల్లలు గలవాడినేనని, ముత్యాన్ని చూస్తే మనసు కలుక్కుమంటోందని చెప్పుకొచ్చాడు. బర్రె చెప్పిన వైద్యం బర్రెలకేనని తీసిపారేశాడు.

"నువ్వు కళ్లంలో పుట్టి కళ్లంలో పెరిగినదానివి. నీకు ఒకరు చెప్పాల్నా? పచ్చికాయ కుప్పేస్తే ఏమైతాది?"

"బూజు పడతాది."

"ఎండలో ఆరబోస్తే?"

"ఏడాది నిలవుంటాది."

"పుండు కూడా పచ్చిదే కదక్కా. దానికి బురద పూసి చీకట్లో పెడితే కుళ్లదా? ఆరబెట్టు. ఎండను మించిన మందు లేదు."

ఆ మాటలో తప్పు ఎక్కడుందో దూదమ్మకు దొరకలేదు. కాయలు, మిరపకాయలు, చింతపండు, సుంకులమ్మ పెట్టే వడియాలు, అన్నీ ఎండ దయతో నిలవుండడమే అది పుట్టినప్పటి నుంచి చూసింది. ఎండ చెరుపు చేస్తుందని అనుకునేవాళ్లు ఆ కళ్లంలో లేరు. పైగా బురద నాకెయ్యడానికి ఒక సాకు దొరికింది. అప్పటికప్పుడు ముత్యం చెవుల మీది బురదంతా పోయేదాకా నాకింది.

మర్నాటి నుంచి పొద్దు నడినెత్తికి రాగానే పిల్లను మెడ దగ్గర కరుచుకుని కళ్లం నడిమధ్యకు తెచ్చేది. పిల్ల నీడకు పారిపోబోతే పంజాతో నేలకు అదిమిపట్టేది.

"అమ్మా, చెవులు కాలుతుండాయి. నీడలోకి పోదాం."

"మందన్నాక మండుతాది. ఓర్చుకో నా తల్లీ."

కొట్టంలోంచి నీలవ్వ గొంతు పోయేలా అరిచింది. దూదమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. కాపలా లేని గదిలో కొక్కప్ప మాత్రం తీరిగ్గా భోజనం చేశాడు. సుంకులమ్మ ఉత్త తొక్కలు చూసి దూదమ్మను నానా మాటలూ అంది. దూదమ్మ అవి పట్టించుకునే స్థితిలో లేదు. పిల్ల చెవుల నుంచి రసి కారుతోంది, ఈగలు ముసురుతున్నాయి. ముత్యం ఆటలు మానేసింది, పాలు మానేసింది. తల్లి దగ్గరికొస్తే చాలు, గోనెసంచుల చాటుకు పోయేది.

ఒక సాయంత్రం కొక్కప్ప కడుపునిండా తిని బొరియ మొదట్లో సేదతీరుతున్నాడు. అతని తోక చివర తోలు లేచిపోయి పచ్చిగా ఉండడం దూదమ్మ చూసింది. ఏమైందని అడిగితే రాయికి గీసుకుందని, మానడం లేదని చెప్పాడు. దూదమ్మకు నిజంగానే జాలేసింది.

"అయితే రేపు మాతోపాటు వచ్చి ఎండలో పడుకో తమ్ముడూ."

తిన్న మత్తులో ఉన్నాడేమో, కొక్కప్ప ఆలోచించకుండా నోరు జారాడు.

"ఎండలోకా? వెంట్రుక లేని తోకక్కా ఇది. కమిలిపోదూ?"

ఆ వెంటనే నాలుక కరుచుకుని, తన జాతి వేరని ఏదో సర్దిచెప్పాడు. దూదమ్మ అవునని తల ఊపి లేచిపోయింది. దానికి ముత్యం చెవులే కళ్ల ముందున్నాయి. వాటి మీదా వెంట్రుక లేదు. కొక్కప్ప మీద కోపం తర్వాత వచ్చింది. ముందు తన పంజా మీదే అసహ్యం వేసింది, బిడ్డను ఎండలో అదిమిపట్టిన పంజా మీద.

తెల్లవారగానే నీలవ్వ దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పుకుంది. బురద పూయనా అని అడిగింది.

"పుండు పడినాక బురద పెట్టగూడదు. నా మాట వినలేదని నేనిప్పుడు ఏమీ అనను. బిడ్డను సుంకులమ్మ కాళ్ల దగ్గర పెట్టు."

దూదమ్మ అలాగే చేసింది. ఆ చెవులు చూడగానే సుంకులమ్మకు పాత పిల్లి గుర్తొచ్చింది. చీపురు అక్కడే పడేసి, గంపలో గుడ్డ పరిచి, ముత్యాన్ని పడుకోబెట్టుకుని ఆసుపత్రికి నడిచింది.

ఆమె అటు వెళ్లాక దూదమ్మ ఒక ఖాళీ తెల్లసంచిని లాక్కొచ్చి కళ్లం నడుమ కుప్పగా పడేసింది. తర్వాత తొట్టి దగ్గరికి పోయి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చెయ్యని పని చేసింది. బురదలో తల నుంచి తోక దాకా దొర్లింది. తెలుపన్నది కనబడకుండా గదిలోకి వెళ్లి ఒక మూల నక్కింది.

మిట్టమధ్యాహ్నం కొక్కప్ప బొరియలోంచి తొంగిచూశాడు. కళ్లంలో తెల్లగా కనబడింది. తల్లీపిల్లా మందు పుచ్చుకుంటున్నారనుకుని నవ్వుకుంటూ గదిలోకి దూరాడు. చీకట్లో బురద ముద్ద అతని మీదికి దూకింది. దూదమ్మ అతని మెడ పట్టి, గడప దాటించి, కళ్లం నడుమకు ఈడ్చుకొచ్చింది. నేల పెనంలా కాలుతోంది.

"అక్కా, ఒళ్లు కాలిపోతాంది. నీడలోకి లాగు. తర్వాత నీ ఇష్టం."

"నా బిడ్డ కూడా ఇదే అడిగింది. నేను నీ మాట విని, దాని మాట వినలేదు."

ఆ తర్వాత కొక్కప్ప గొంతు ఆ కళ్లంలో ఎవరికీ వినబడలేదు.

పొద్దు వాలాక సుంకులమ్మ తిరిగొచ్చింది. డాక్టరు ముత్యం చెవుల అంచులు కత్తిరించి మందు వేశాడు. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదన్నాడట. ఎండ లోపలికి రాకుండా ఆమె గది తలుపుకు గోనెపట్టా కట్టి, గంప కిందికి దించింది. ఒంటి బురద నాకేసుకున్న దూదమ్మ పరుగున వచ్చింది. తల్లిని చూడగానే ముత్యం గంపలోంచి దూకి గోనెసంచుల వెనక్కి పోయింది. పిలిస్తే రాలేదు.

దూదమ్మ ఈసారి మెడ పట్టి తెచ్చుకోలేదు. పంజాలు రెండూ తన పొట్ట కిందికి ముడుచుకుని అక్కడే పడుకుంది. చాలాసేపటికి పిల్ల బయటికొచ్చింది. ఒళ్లోకి రాలేదు, కొంచెం ఎడంగా, తల్లి మీదే కన్ను వేసి పడుకుంది. దూదమ్మ దాన్ని కదిలించకుండా అలాగే చూస్తూ ఉండిపోయింది.

మందు చెప్పినవాడు ఎంత తియ్యగా చెప్పినా, ఆ మందుకు మంటెత్తి ఏడ్చే బిడ్డ మాటే ముందు వినాలి.